ఖాళీ హాల్లో సంచి

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం తన చేతులంటే. దొంగలంటే కాదు, రోగమంటే కాదు, మొగుడి పని పోతుందేమోనని కూడా కాదు. గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన ఈ రెండు చేతులు ఏదో ఒక క్షణాన తన మాట వినకుండా పాపను ఏదైనా చేసేస్తాయేమోనని. ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. తనలో తానైనా పూర్తిగా అనుకోలేదు, సగంలోనే నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయి, లేచి ఇల్లు తుడిచేది. ఇప్పుడు మధ్యాహ్నం. పాప చాప మీద బోర్లా పడి నిద్రపోతోంది. హాల్లో ఇంకేమీ లేదు, గోడలు, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ, ఆ ఎండ మధ్యలో పై ఇంటి అమ్మాయి ఇందాక ఇచ్చి వెళ్ళిన గుడ్డ సంచి. సంచి మూతి విప్పి ఉంది. విప్పింది ఆమే. పరాయివాళ్ళ సంచి విప్పకూడదని తెలుసు, అయినా ఆ పిల్ల మెట్లెక్కి తలుపేసుకున్న చప్పుడు వినగానే విప్పింది, విప్పకముందే లోపల ఏముందో తెలిసిపోయింది. తువ్వాల్లో చుట్టిన చాకులు. కత్తెర. మిక్సీ గిన్నె, బ్లేడుతో సహా. ఇస్త్రీ పెట్టె. సుత్తి. వాటి అడుగున, చక్కగా చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసిన కర్టెను తాడు. "మా ఇంట్లో చోటు చాలడం లేదక్కా, కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచవా," అంది ఆ పిల్ల గుమ్మంలో నిలబడి. నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం ఆమె భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. చోటు చాలకపోతే పెద్దవి తీస్తారు, తాడు ఎంత చోటు తింటుంది? పైగా నిన్నగాక మొన్న ఆ ఇంట్లోంచి సోఫా, టేబులు, పుస్తకాల అర కిందికి దింపారు, ఇంకా చోటు చాలకపోవడమేమిటి? ఇదంతా సంచి చేతికందిన క్షణంలోనే తెలిసింది. తెలిసీ ఆమె, "దానికేం, ఉంచుతాలే," అని నవ్వి తలుపేసింది. చంటిబిడ్డ తల్లి గుమ్మం ముందు నిలబడితే లోపలికి రమ్మని కూడా అనలేదు, తలుపేసింది.

పైన అడుగుల చప్పుడు. సామాన్లున్న ఇంట్లో అడుగులు ఇంతలా వినపడవు, మంచాలు, బీరువాలు, మడత పెట్టిన దుప్పట్లు సగం చప్పుడు మింగేస్తాయి. ఖాళీ ఇల్లు ఏదీ కడుపులో దాచుకోదు. ఇల్లు ఖాళీ చేసుకోమని ఫోన్లో చెప్పే ఆ వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పై ఇల్లు ఖాళీ అయ్యాక తన నెత్తి మీద ఎవరో బతుకుతున్నట్టుంది, చెంచా కింద పడితే తెలుస్తుంది, కొళాయి కట్టేస్తే తెలుస్తుంది. ఇప్పుడు అడుగులు వంటింటి వైపు నుంచి గదిదాకా వస్తున్నాయి, గది గడప దగ్గర ఆగుతున్నాయి, ఆగి ఆగి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. గదిలో ఆ పిల్ల బాబు మూలుగుతున్నాడు, ఇంకా ఏడుపు కాదు, ఏడుపుకి ముందు వచ్చే గొణుగుడు. మళ్ళీ అడుగులు వచ్చాయి. మళ్ళీ గడప దగ్గర ఆగాయి. గడప దాటితే ఎత్తుకోవాలి, ఎత్తుకుంటే చేతుల్లో ఉంటాడు, చేతుల్లో ఉంటే ఏమైనా కావచ్చు, అందుకని బిడ్డకీ తనకీ మధ్య ఇల్లంత దూరం పెట్టుకుని, పాలు కాగాయో లేదో చూడాలన్న వంకతో వెనక్కి వెళ్ళడం. పాలు ఎప్పుడో కాగి ఉంటాయి, చల్లారి కూడా ఉంటాయి. ఆ నడక ఆమెది. అడుగుకి అడుగు ఆమెదే. పాప పసిగుడ్డుగా ఉన్న రోజుల్లో ఈ ఇంట్లో, సరిగ్గా ఆ గది కింద ఈ గదిలో, తను నడిచిన నడక ఇప్పుడు నెత్తి మీద ఎవరో నడుస్తుంటే కింద కూర్చుని వినడం, అద్దంలో తన వీపు కనబడ్డట్టు, ఛీ, ఇలా ఉంటానా నేను అన్నట్టు.

మొదట చాకు. పాప పుట్టిన కొత్తలో, ఉల్లిపాయ తరుగుతోంది, పాప వంటింటి గుమ్మంలో దుప్పటి మీద కాళ్ళాడిస్తోంది, ఉన్నట్టుండి ఒక ఆలోచన, ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, ఎవరూ చెప్పలేదు, తన గొంతే, తన మాటే. చాకు సింకులో పడేసి బాత్రూములోకి పరిగెత్తి చేతులు కడుక్కుంది, కడుగుతూనే ఉంది, పాప ఏడ్చినా వెళ్ళలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది తమ్ముణ్ణి ఎత్తుకోవడానికే కదా, అమ్మ పనికి పోతే పొద్దుగూకులూ వాణ్ణి చంకనేసుకునే పెరిగింది, బావి గట్టునైనా, గోడ మీదైనా, ఎప్పుడూ ఒక్క చెడ్డ ఊహ రాలేదే, మరి కన్నబిడ్డని చూస్తే ఎందుకొచ్చింది? తల్లితనమే కుళ్ళిపోయి పుట్టిందేమో తనలో. చదువుకున్న ఆడవాళ్ళకు ఇలాంటివి రావేమో, పుస్తకాలు చదివితే బుర్రలో గదులుంటాయేమో, ఏ గదిలోది ఆ గదిలో ఉంటుందేమో. ఆ తర్వాత ఒక్కో వస్తువూ మొదలుపెట్టింది. కత్తెర. ఇస్త్రీ పెట్టె. మంచం ఎత్తు. ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో వచ్చింది, తెల్లటి గదిలో ఒకావిడ, నిద్రపుచ్చుతున్నట్టు మెత్తగా, మీ ఇంట్లో ప్రతి వస్తువూ మీ మనసును ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, అడిగేవాటిని తగ్గించుకోండి అంది. ఆ మాటకు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. వస్తువులు అడుగుతాయని ఈ లోకంలో ఇంకొకరికి తెలుసు. ఆవిడ చెప్పింది దుమ్ము దులపమని అడగడం గురించి, మడత పెట్టమని అడగడం గురించి, అది ఆమెకు అర్థం కాక కాదు. తనను మాత్రం అవి అడిగేది వేరు.

అక్కడినుంచి ఇల్లు ఖాళీ కావడం మొదలైంది. ప్రతిదానికీ పైకి చెప్పే కారణం ఒకటి ఆ వీడియోలే ఇచ్చేవి, లోపలి కారణం ఆమె మింగేసేది. మంచం తీసేసి నేల మీద పరుపు వేయించింది, ఎత్తు తగ్గితే గది పెద్దదవుతుందట. గాజు సామాను అటకెక్కింది, కళ్ళకు విశ్రాంతట. కర్టెన్లకు తాడు తీసేసి ఒట్టి గుడ్డ కుట్టించింది, వెలుగు దానంతటది రావాలట. మొగుడు ఇళ్ళల్లో అల్మారాలు బిగించే కార్పెంటరు, మాట నెమ్మది, జోకు మాత్రం ఆపుకోలేడు. వంటింటి అరలన్నింటికీ తలుపులు బిగించి గొళ్ళాలు ఎత్తులో పెట్టమంటే పెట్టాడు, హాల్లో ఉన్నవి ఊడదీయమంటే ఊడదీశాడు. "ఊరందరికీ బిగిస్తాను, మన ఇంట్లో పీకుతాను," అన్నాడు నోట్లో మేకులు పెట్టుకునే. "ఇక మన ఇంటికి దొంగొచ్చినా జాలిపడి వాడే ఏదో ఒకటి పెట్టి పోతాడు." ఎవరి ఇంటికో వేయగా మిగిలిన రంగు తెచ్చి గోడలకు వేశాడు, ఆరిన మట్టి మీద పాలు చల్లినట్టుండే రంగు. చాకులు మాత్రం అతని చేత తీయించలేదు. పక్క వీధిలో ఉండే వదిన, అతని అక్క, వచ్చినప్పుడు కాగితంలో చుట్టి ఇచ్చేసింది, మొద్దుబారిపోయాయి వదినా, సాన పట్టించుకుని మీరే వాడుకోండి అని. ఆ సాయంత్రమే వదిన ఫోను: "ఏంటమ్మాయ్, మొద్దుబారాయన్నావు, నా వేలు తెగింది." ఆమె నవ్వింది. ఎలా నవ్వగలిగిందో. ఆ వదినే ఖాళీ హాలు మొదటిసారి చూసి గుమ్మంలోనే ఆగి, "ఇదేం ఇల్లే, ఇక్కడికొస్తే చెప్పులే కాదు, నోరు కూడా బయటే విడిచి రావాలనిపిస్తోంది," అంది, అని లోపలికొచ్చి గంటసేపు ఆపకుండా మాట్లాడింది.

నిజం చెప్పాలంటే, ఆ నిజమే సిగ్గు, ఈ గది ఆమెకు నచ్చింది. మధ్యాహ్నం ఎండ తూర్పు గోడదాకా పాకి, ఆ మట్టి రంగు మీద కాసేపు బంగారంలా ఉండి పోతుంది, దాన్ని ఆపడానికి ఏ వస్తువూ అడ్డం లేదు. పాప పాకడం నేర్చుకున్నది ఈ నేల మీదే, ఎక్కడా తల కొట్టుకోకుండా, గోడ నుంచి గోడకు, తనకంటే ముందు తన నవ్వు చేరేలా. ఒక్క చాప, ఒక్క దీపం, నేలకు ఆనేలా వేలాడే ఒక గుడ్డ. దేని కోసం చేసినా, చేతికి వచ్చింది ఇది, అందంగానే వచ్చింది. ప్రశాంతత మాత్రం రాలేదు, తొందరగా రాలేదు. కిటికీ తీసేయలేం, బకెట్లో నీళ్ళు లేకుండా ఉండలేం, దిండు తీసేస్తే తల కింద చెయ్యి మిగులుతుంది. అన్నీ తీసేశాక మిగిలిన ఖాళీలో ఆలోచన మరింత స్పష్టంగా వినపడేది, గొంతు మారుమోగినట్టు. ఎప్పుడు తగ్గిందో, ఎందుకు తగ్గిందో ఆమెకు తెలీదు. పాప నిద్రపోవడం మొదలుపెట్టాక తనూ కాస్త నిద్రపోయింది, అదేనేమో. ఇప్పుడు రోజూ రావు. వచ్చినా గుమ్మంలో నిలబడ్డ పిల్లిలా కాసేపు చూసి పోతాయి. కానీ ఈ గదిని అందరూ మెచ్చుకున్నారు, అక్కడుంది అసలు తంటా. మొగుడు ఫోటో తీసుకుని పనికెళ్ళిన ఇళ్ళల్లో చూపించేవాడు, "మా ఆవిడ చేతి పనండీ, ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, పుట్టుకతో వచ్చింది." ఒకసారి ఒక మొగుడూపెళ్ళాలను వెంటబెట్టుకునే వచ్చాడు, వాళ్ళు చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, గుడిలో తిరిగినట్టు తిరిగారు. ఆవిడ, పెద్ద ఉద్యోగమట, ఆమె చెయ్యి పట్టుకుని, "మీ మనసు ఎంత నిర్మలంగా ఉంటే ఇలాంటి ఇల్లు వస్తుందండీ," అంది. పట్టుకున్నది ఏ చేతినో ఆవిడకు తెలీదు.

పైన గొణుగుడు ఏడుపైంది. సన్నగా మొదలై, ఊపిరికోసం ఆగి, మళ్ళీ. అడుగులు వేగంగా వచ్చాయి, గడప దగ్గర ఆగాయి. వెళ్ళు, ఎత్తుకో, ఏమీ కాదు, అని కింద ఆమె పెదవులు కదిపింది. అడుగులు వెనక్కి పోయాయి. పై ఇంటాయన బస్సు డ్రైవరు, పొద్దుపోతేగాని రాడు. పక్క వాటాలో వాళ్ళు పెళ్ళికెళ్ళారు. ఎవరైనా వస్తే బాగుండు, ఆ పిల్ల తల్లో, అత్తో, పోస్టు ఇచ్చే మనిషో, ఎవరైనా సరే మెట్లెక్కితే బాగుండు, తను కాకుండా.

ఆ పిల్ల మొదటిసారి వచ్చిన రోజు. బాబుకి అప్పుడు మెడ కూడా నిలవలేదు, వాడిని తన తల్లి దగ్గర పడుకోబెట్టి, గిన్నె తిరిగివ్వాలన్న వంకతో కిందికి దిగి, హాలు చూసి అలాగే నిలబడిపోయింది. డిగ్రీ చదివిన పిల్ల, ఇంగ్లీషు పేపరు చదువుతుంది, కరెంటు ఆఫీసులో ఏదైనా రాసివ్వాలంటే వాటాల వాళ్ళందరూ ఆ పిల్ల దగ్గరికే పోతారు. జుట్టు దువ్వుకోలేదు ఆ రోజు, జాకెట్టు మీద పాల మరక. గోడకు ఆనుకుని కూర్చుని, గదిని కాదు, ఆమెనే చూస్తూ అడిగింది. "అక్కా, నువ్వు ఇంత నెమ్మదిగా ఎలా ఉంటావు? నాకు లోపల ఒకటే గోల. ఏం చేస్తే తగ్గుతుందక్కా?" చదువుకున్న పిల్ల తనను అడిగింది. ఎనిమిదో తరగతి మనిషిని. ఆ గర్వం ఎంత తియ్యగా తగిలిందంటే, ఆ ప్రశ్నలో ఉన్న తడి ఆమె కంటికి ఆనలేదు. కాదు, ఆనింది. ఇప్పుడు అబద్ధం ఎందుకు, ఆనింది. ఆ పాల మరక మీద చెయ్యి ఎలా పెట్టుకుందో, వేళ్ళు ఎలా ముడుచుకుందో చూసింది, చూసి వీడియోలో ఆవిడ గొంతు అరువు తెచ్చుకుని, "వస్తువులు తగ్గించుకో. ఇల్లు ఖాళీ అయితే మనసు ఖాళీ అవుతుంది," అంది. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎంత మెత్తగా అంది. ఆ పిల్ల బుద్ధిమంతురాలైన విద్యార్థిలా తలూపి, ఇంటికెళ్ళి ఖాళీ చేయడం మొదలుపెట్టింది, తను పోయిన దారినే, మొదట పెద్దవి, తర్వాత చిన్నవి, చివరికి తాడు. మందు కాదని తెలిసిన సీసాను చేతిలో పెట్టి, మూడుపూటలా తాగమని చెప్పి పంపినట్టు.

అంతకుముందు, ఆరోగ్య కేంద్రంలో ఒక రోజు. పాపకు టీకా. తల్లులందరూ వరసలో. నర్సు లావుపాటి మనిషి, ఎవరితోనైనా పోట్లాడుతున్నట్టే మాట్లాడుతుంది, ఒక్కొక్కరినీ అడుగుతోంది, పాలు సరిపోతున్నాయా, నిద్ర పడుతోందా, చెడ్డ ఆలోచనలేమైనా వస్తున్నాయా. పాలు, నిద్ర, ఆలోచన, మూడూ ఒకే గొంతుతో, ఉప్పూ పప్పూ అడిగినట్టు. తన వంతు వచ్చింది. నోరు తెరిస్తే ఒక్క మాట. "ఏం లేవండీ," అంది. నర్సు పెన్నుతో బల్ల మీద కొట్టింది, "వస్తే చెప్పు. వచ్చినంత మాత్రాన చేసేస్తావని కాదు. సిగ్గుపడి దాచుకోకండి, నాచేత తిట్లు తినకండి," అని అందరికీ వినపడేలా అంది. తన వెనక నిలబడ్డ ఆవిడ, ఎవరో తెలీదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకు వస్తున్నాయండీ," అంది. వరసంతా తిరిగి చూసింది. ఎవరో బిడ్డను ఇటు పక్క నుంచి అటు పక్కకు మార్చుకున్నారు, ఆవిడకు దూరంగా. అందరితోపాటు తనూ చూసింది ఆ చూపు. అందరితోపాటు తనూ పాపను గుండెకు హత్తుకుంది, అలాంటి తల్లిని చూసి భయపడ్డ మంచి తల్లిలా. ఇంతకంటే నీచపు పని తన జన్మలో చేయలేదు. నర్సు ఆవిడను లోపలికి తీసుకెళ్ళింది. చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చింది, మొహం కడుక్కుని, చేతిలో సగం తిన్న బిస్కెట్టు, నర్సు ఏదో అంటే నవ్వుతూ. తను ఆ నవ్వు చూసి కుళ్ళుకుంది. పాప టీకా వాపు మీద చల్లగుడ్డ పెడుతూ రాత్రంతా కుళ్ళుకుంది.

ఏడుపు ఇప్పుడు గుక్క పట్టింది. మధ్యలో మౌనం ఎక్కువసేపు ఉంటోంది, ఆ మౌనంలో ఆమె ఊపిరి కూడా ఆగిపోతోంది. పైకి వెళ్ళి ఏం చెప్పాలి? చెబితే తనకు తెలుసని తెలుస్తుంది, తెలుసంటే ఎలా తెలుసని అడుగుతుంది, అడిగితే. వదిన చెవిన పడితే. మొగుడికి తెలిస్తే, మెత్తటి మనిషే, కాని ఆ మెత్తదనం ఎక్కడిదాకా? నిన్న రాత్రి పాపను పెళ్ళాం పక్కన పడుకోబెట్టి నిశ్చింతగా గురక పెట్టిన మనిషి రేపు రాత్రి నిద్రపోతాడా? పాపను వదిన ఇంట్లో ఉంచుదాం కొన్నాళ్ళు అంటే? మంచికే అంటాడు, ప్రేమగానే అంటాడు, తను ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది? ఫోటో చూపించి పుట్టుకతో వచ్చిందని చెప్పుకున్న ఇళ్ళన్నీ. నిర్మలమైన మనసు అన్న ఆవిడ. ఇవన్నీ పోతాయి. పోనీ, పోతే ఏం పోతుంది, ఒక అబద్ధం పోతుంది, కాని ఆ అబద్ధం కిందే కదా ఇన్నాళ్ళూ తలదాచుకుంది. సంచి తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేస్తే? మా ఇంట్లోనూ చోటు లేదమ్మా అని? అంత చేతకాని పని చేస్తుందా? చేసేలాగే ఉంది. లేచి సంచి పట్టుకుంది కూడా. లోపల మిక్సీ గిన్నె ఇస్త్రీ పెట్టెకు తగిలి ఖణేల్మంది, పాప నిద్రలో ఉలిక్కిపడి చెయ్యి చాచి గాలిని పట్టుకుంది, పట్టుకోవడానికి ఏమీ దొరక్క వదిలేసింది. పైన బాబు కూడా ఇప్పుడు ఇలాగే గాలిని పట్టుకుంటూ ఉంటాడు. ఆమె సంచి దింపేసింది. పాపను ఎత్తుకుంది.

మెట్లు. పాపతో ఈ మెట్లు ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. డాబా మీద బట్టలారేయాలంటే మొగుడు వచ్చేదాకా ఆగేది, కళ్ళు తిరుగుతాయని చెప్పేది, మా తమ్ముడు ఏ కోటలోంచి తెచ్చాడో ఈ మహారాణిని అని వదిన దెప్పేది. మొదటి మెట్టు మీదే వచ్చింది ఆలోచన, రాకుండా ఎందుకుంటుంది, రెయిలింగు అవతల కిందికి చూపిస్తూ వచ్చింది. రా. నువ్వూ రా, అంది ఆమె ఆ ఆలోచనతో. పాపనీ నిన్నూ ఇద్దరినీ మోసుకెళ్తాను. పాప బరువు, మెడ మీద దాని వేడి ఊపిరి, పాల వాసన, గోడకు భుజం రాసుకుంటూ, సున్నం రాలి చీరకు అంటుకుంటూ, ఇంకొకటి, ఇంకొకటి. చేతులు జారలేదు. బిగుసుకుపోయి ఉన్నాయి, పాప నడుము మీద వేళ్ళ అచ్చులు పడేటంత, అంత గట్టిగా పట్టుకున్నాయి. మలుపు దగ్గర ఆగింది. తలుపు అవతల ఏడుపు, ఏడుపు పక్కన ఎవరో పళ్ళ బిగువున లెక్కపెడుతున్నట్టు గొణుగుడు. తలుపు కొట్టింది. గొణుగుడు ఆగింది.

తలుపు తీసిన పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, బడిలో దెబ్బలు తినడానికి నిలబడ్డట్టు. "పాప నిద్ర చెడగొట్టాడా అక్కా? ఆపేస్తాడు, ఇప్పుడే ఆపేస్తాడు."

"సంచి విప్పి చూశాను," అంది ఆమె.

"చోటు లేక..."

"మా ఇంట్లోనూ ఇలాగే చోటు లేకపోయింది. నా చాకులు ఇప్పటికీ మా వదిన దగ్గరే ఉన్నాయి. మొద్దుబారాయని చెప్పి ఇచ్చాను. మొద్దుబారలేదు."

లోపల బాబు గుక్క తిప్పుకున్నాడు. ఆమె గొంతు తనది కానట్టు, కీచుగా, తొందర తొందరగా, ఒక్క ఊపిరిలో చెప్పేసింది, పాపను చూస్తే ఆలోచనలు వచ్చేవనీ, చెప్పుకోలేనివనీ, ఎత్తుకోవాలంటే చచ్చేంత భయమనీ, గది గడప దగ్గర నిలబడి నిలబడి వెనక్కి పోయేదనీ, ఇల్లు ఖాళీ అయింది అందుకనీ, ఇంకెందుకూ కాదనీ. "ఇప్పటికీ వస్తాయి. ఇదిగో, మెట్ల మీద కూడా వచ్చింది."

ఆ పిల్ల పాపను చూసింది, ఆమె చేతులను చూసింది. "మరి ఎత్తుకొచ్చావు కదా."

"ఎత్తుకొచ్చాను."

గోడకు వీపు ఆనించి ఆ పిల్ల నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది. ఖాళీ హాలు. అచ్చు తన హాలే, అదే చోట చాప, అదే చోట దీపం, ఎంత శ్రద్ధగా చేసుకుందో. "నేను అడిగాను కదక్కా ఆ రోజు," అంది, కోపంగా కాదు, కోపంగా అన్నా బాగుండేది. "నేను ఇంటి గురించి అడగలేదు."

తెలుసు. ఆమె తల దానంతటదే వంగిపోయింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. పాప నిద్రలేచి, కొత్త ఇల్లనుకుందో తన ఇల్లే అనుకుందో, దిగడానికి కాళ్ళు తన్నింది. దింపితే, నున్నటి నేల మీద బాబు ఏడుపు వైపు టపటపా పాకుతూ పోయింది, గడప దగ్గర ఆగలేదు.

"లే," అంది ఆమె. "నువ్వే ఎత్తుకో. నేను పక్కనే నిలబడతాను. ఊరికే నిలబడతాను, ఏం చెప్పను." ఎత్తుకుంది ఆ పిల్ల. కళ్ళు గట్టిగా మూసుకుని ఎత్తుకుంది, బాబు మొహం మెడలో దాచుకుని చొంగ, కన్నీళ్ళు అన్నీ పులిమేశాడు, ఏడుపు ఒక్కసారి ఆగలేదు, తగ్గి తగ్గి ఎక్కిళ్ళలోకి దిగింది. ఇద్దరు తల్లులూ అలాగే నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఆరోగ్య కేంద్రంలో నర్సు సాయంత్రందాకా ఉంటుంది, అంది ఆమె కాసేపటికి, తిడుతుంది, తిట్టనీ, ముందు నా సంగతి నేను చెబుతాను, ఆ తర్వాత నువ్వు. "మీ ఆయనకి తెలుసా అక్కా?" అంటే, "ఈ పూట తెలుస్తుంది," అంది. "ఏమంటాడో?" "ఏమో. అల్మారాలకు గొళ్ళాలు పెట్టినంత తేలిగ్గా నోటికి పెట్టుకునే మనిషైతే కాదు. ఏదో ఒకటంటాడు." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి నవ్వబోయి, నవ్వు రాక మానేసింది. చెప్పులేసుకుంటుంటే ఒక చెప్పు తిరగబడింది. దాన్ని సరిచేసుకుంటూ ఆ పిల్ల ఆమె మోచెయ్యి ఆసరాగా పట్టుకుని, తరువాత కూడా వదల్లేదు. బిడ్డల్నెత్తుకుని వీధిలోకొచ్చాక ఎండ మొహాన కొట్టింది. చెప్పాల్సిన వాక్యం ఆమె దారంతా లోపల పేర్చుకుంటూ, పేర్చింది పేర్చినట్టే చెదిరిపోతుంటే మళ్ళీ పేర్చుకుంటూ, సిగ్గుతో మొహం మండిపోతూ, నడిచింది. మండనీ. సిగ్గుతో మొహం మండితే ఎవరూ చచ్చిపోరు.

ఇది చదివినవారు ఒక పని చేయాలి. బిడ్డను కన్న ఆడమనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది, చెల్లెలో, మరదలో, ఎదురింటి ఆవిడో. ఆమె ఇల్లు ఉన్నట్టుండి మరీ శుభ్రంగా, మరీ ఖాళీగా కనబడితే, ఎంత బాగుందో అని మెచ్చుకుని వచ్చేయకండి. కూర్చోండి. బిడ్డ పడుకుంటోందా అని కాదు, నీకేమైనా ఆలోచనలు వస్తున్నాయా అని అడగండి. ఏం లేవు అంటుంది. అన్నాక కూడా లేవకండి, ఇంకోసారి అడగండి.